అరవై రెండు డిగ్రీల దగ్గర ఆగిన చెయ్యి

గౌరమ్మ అబద్ధమాడుతోంది. ఆ సంగతి ప్రసన్నలక్ష్మికి మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోయింది. కాకపోతే పోలీసులు అనుకుంటున్న అబద్ధం అది కాదు.

"ఇంకొకసారి సెప్పు గౌరమ్మా. లచ్చివారం పొద్దున్న ఆరున్నర నుంచీ."

"ఎన్నిసార్లు సెప్పమంతారమ్మా? ఆరున్నరకి గేటు తీసినారు. నాను మిషను కాడకొచ్చినాను. ధనరాజు అప్పుటికే మిషను సెయ్యి కిందకి దూరి పని సేత్తన్నాడు. నాను బటన్ల పెట్టె కాడ నిలబడ్డాను. ధబ్బుమని ఒక సప్పుడు. తిరిగి సూద్దును గదా..." గౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"బటన్ నొక్కినావా?"

"నా పిల్లల మీద ఒట్టు. నొక్కనేదు."

ఆ మాట అన్నప్పుడు గౌరమ్మ కళ్ళు ప్రసన్నలక్ష్మి కళ్ళలోకే చూశాయి. తర్వాతి ప్రశ్నకి మాత్రం నేల చూశాయి.

"సెయ్యి పడిపోకుండా కింద ఏటైనా అడ్డం పెట్టినాడా ధనరాజు?"

"ఏటీ నేదు."

"ఏటీ లేకుండానే తల దూర్చినాడా? పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్కు?"

"నాకు తెల్దమ్మా."

ప్రసన్నలక్ష్మి చిన్న నోటుపుస్తకంలో ఆ జవాబు పక్కన ఒక చుక్క పెట్టింది. ఎదుటి మనిషి ఎక్కడ తడబడితే అక్కడ చుక్క పెట్టడం ఆమెకు పాత అలవాటు. టెక్కలిలో ఇరవై రెండేళ్ళు కుర్రాళ్ళకి ఫిట్టరు పని నేర్పింది. ఆ తర్వాత ఆ ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. పోలీసులు ఇప్పటికీ వెనకాల "మాస్టారమ్మ" అనే పిలుస్తారు. ముందర కూడా అప్పుడప్పుడు నోరు జారుతుంటారు.

ఈ పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆడవాళ్ళంతా ఒక మాట అనుకుని ఆమెను పిలిపించారు. గురువారం ఉదయం ఆరూ నలభై రెండుకి మెకానిక్ ధనరాజు చనిపోయాడు. జీడిగింజల బస్తాను పైకెత్తి ఆవిరి తొట్టిలో బోర్లించే ఇనప చెయ్యి అతని తలమీద దిగింది. బటన్ల పెట్టె దగ్గర ఉన్నది గౌరమ్మ ఒక్కతే. కాబట్టి ఆమే బటన్ నొక్కి చెయ్యి దించింది, అజాగ్రత్తతో ప్రాణం తీసింది. పోలీసుల మాట అది. ఈరోజు శనివారం. సాయంత్రం నాలుగింటికి జీపు ఆమెను కోర్టుకు తీసుకెళ్తుంది.

గడియారంలో రెండూ పది.

"జైలంటే నాకు బయం నేదమ్మా," అంది గౌరమ్మ నెమ్మదిగా. "నన్నట్టుకెల్లిపోతే మా ఆయన్ని సూసీవోలు నేరు. రెండు కిడ్నీలూ పోనాయి గదా. వారానికి మూడుసార్లు టెక్కలి తీసుకెల్లి ఆ డయాలసిస్సు బెడ్డెక్కించాల. సూదులు పెట్టినప్పుడు నా సెయ్యి అట్టుకుంతాడు. ఒగ్గడు. నర్సమ్మలు నవ్వుతారు."

ప్రసన్నలక్ష్మి లేచి మిషను గదికి నడిచింది.

గుమ్మంలో ఎస్సై భానుప్రకాష్ టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏటి మేడం, ఇంకా ఏం చూస్తారు? నేల కడిగించేశారు. ఫొటోలున్నాయి, పంచనామా ఉంది. పద్దెనిమిది మంది ఆడవాళ్ళ స్టేట్‌మెంట్లు కూడా ఉన్నాయి."

"కడిగితే రక్తం పోతుంది. గుంట పోదు కదండీ."

ఇనప చెయ్యి కిందికి వాలి ఉంది. మనిషి ఎత్తుకు మించిన పొడవు, మూడొందల కిలోల బరువు. ప్రసన్నలక్ష్మి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. సిమెంటు నేలమీద ఒకచోట కాఫీ సాసరంత గుండ్రటి గుంట పడి ఉంది. నీళ్ళు పోసి కడిగినా గుంటలో పొడి పొడిగా ఏదో మిగిలింది. గోటితో గీకి వాసన చూసింది.

"సరుగుడు," అంది.

తర్వాత టార్చి వేసి చెయ్యి అడుగుభాగం చూసింది. నీలం రంగు అంతా బాగానే ఉంది. ఒక్కచోట మాత్రం అరచేతి మేర రంగు ఊడిపోయి ఇనుము మెరుస్తోంది. ఒక్కరోజులో అరిగిన అరుగుదల కాదది.

"ఎస్సై గారూ, ఆ గొలుసు కప్పీతో చెయ్యి కొంచెం పైకి లాగించండి. నేను ఆపమనేదాకా."

ఇద్దరు కానిస్టేబుళ్ళు గొలుసు లాగారు. ప్రసన్నలక్ష్మి సంచీలోంచి దారం కట్టిన గుండు తీసింది, గోడ నిలువు చూడ్డానికి తాపీ మేస్త్రీలు వాడేది. రంగు ఊడినచోట దారం కొస నొక్కిపట్టి గుండును కిందికి వదిలింది. చెయ్యి లేస్తున్నకొద్దీ గుండు నేలమీద జరుగుతూ వచ్చింది. సరిగ్గా గుంట నడిమధ్యకు రాగానే "ఆపండి!" అంది.

కోణమానిని పెట్టి చూసింది. అరవై రెండు డిగ్రీలు. పుస్తకంలో రాసుకుని ఎస్సైకి చూపించింది.

"అరవై రెండైతే ఏటండీ?"

"ఏటో నాకూ తెలీదు. కానీ ఇక్కడ రోజూ ఒక సరుగుడు కర్ర నిలబడేది. రిపేరుకు కింద దూరేముందు చెయ్యి ఇంతెత్తుకు లేపి, ఆ కర్ర పోటు పెట్టి, అప్పుడు దూరేవారు. ఏళ్ళ తరబడి పెట్టారు కాబట్టే ఈ గుంట. ఆ కర్రేదీ?"

"కర్ర గిర్ర ఏదీ లేదని పద్దెనిమిది మందీ చెప్పారు."

"పద్దెనిమిది మందీ ఒకే మాట చెప్పారా?"

"ఒకే మాట."

"పెళ్ళిలో కూర రుచి గురించి కూడా పద్దెనిమిది మంది ఆడవాళ్ళం ఒక మాట చెప్పం ఎస్సై గారూ. అటు చూడండి."

గోడమీద ఎర్రరంగు అక్షరాలు ఉన్నాయి. 'మిషను కింద కర్రలు, మొద్దులు పోటు పెట్టరాదు. పెట్టినచో పని నుండి తొలగించబడును.' భానుప్రకాష్ పైకి చదివాడు. టీ చల్లారిపోయింది కాబోలు, గ్లాసు కిటికీలో పెట్టేశాడు.

"మరి పోటు పెట్టకుండా పని ఎలా చేస్తారు?"

"దానికి ఒక ఇనప కడ్డీ ఉండాలి, మిషనుతో పాటే వస్తుంది. అదేమైందో మీరే అడగండి. పోయుంటుంది, మళ్ళీ కొనుండరు. అందుకే తోటలోంచి సరుగుడు కర్ర తెచ్చుకున్నారు. పెట్టాలి, పెట్టినట్టు చెప్పకూడదు. ఇదీ ఇక్కడి పద్ధతి."

"అయినా మేడం, కర్ర ఉన్నా లేకపోయినా చెయ్యి దానంతటది దిగదు. కంప్యూటర్లో చూపించాడు శ్యాంసుందర్."

"నాకూ చూపించమనండి."

మేనేజరు గదిలో శ్యాంసుందర్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. బీమా కంపెనీ తరపున విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంజనీరు. ప్రసన్నలక్ష్మిని చూడగానే ముఖం చిట్లించాడు. పోయిన ఏడాది మందసలో ఒక లారీ కేసులో అతని రిపోర్టు తప్పని ఆమే తేల్చింది. ఆ దెబ్బ అతనింకా మరిచిపోలేదు.

"రండి మేడం. మీకోసం మళ్ళీ వేస్తాను, జాగ్రత్తగా చూడండి."

తెరమీద ఇనప చెయ్యి బొమ్మ. అతను ప్లే నొక్కాడు. చెయ్యి సాఫీగా పైకి లేచింది. మధ్యలో మోటారు ఆపాడు. చెయ్యి గాల్లో ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"చూశారుగా. ఎక్కడ ఆపితే అక్కడే నిలబడుతుంది. దిగాలంటే బటన్ నొక్కాల్సిందే. కంప్యూటర్‌కి కులం లేదు, చుట్టరికం లేదు. అబద్ధం చెప్పదు."

"నిజమే. అడిగినదానికే జవాబు చెబుతుంది. మీరేం అడిగారో నాకు చూపించండి."

"అంటే?"

"ఈ బొమ్మ ఏ లెక్క మీద నడిచిందో ఆ సెట్టింగ్స్ తెరవండి."

శ్యాంసుందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇనుమ్మీద ఆకురాయి రుద్దుకునేవాళ్ళకి ఇవన్నీ ఎందుకండీ? రిపోర్టు ఇచ్చేశాను. సంతకం కూడా అయిపోయింది."

"ఆకురాయి పట్టినవాళ్ళకి ఇనుము బరువు తెలుస్తుంది బాబూ. తెరవండి."

"తెరవవయ్యా," అన్నాడు ఎస్సై. "చూస్తే పోయేదేముంది?"

అతను విసురుగా మౌసు కదిపాడు. తెరమీద చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంది. ప్రసన్నలక్ష్మి కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే పైకి చదివింది.

"విశ్లేషణ రకం, కైనమాటిక్. మొదలు సున్నా సెకన్లు, ముగింపు పద్నాలుగు సెకన్లు. మోటారు ఒకటి, తిరిగేది తొంభై ఐదు డిగ్రీలు. ఆ పక్క పేజీ కూడా తిప్పండి, బయటి బలాలు అని ఉంది కదా."

అతను తిప్పలేదు.

"తిప్పండి."

తిప్పాడు. ఆ పేజీలో గడులన్నీ బూడిదరంగులో ఉన్నాయి. గురుత్వాకర్షణ అన్న గడిలో టిక్కు లేదు. పెట్టబోయినా పడదు.

"ఇది ఎస్సై గారికి మీరే చెప్పండి. నేను చెబితే ఆకురాయి మాటలంటారు."

శ్యాంసుందర్ గొంతు సవరించుకున్నాడు. "కైనమాటిక్‌లో... కదలిక మాత్రమే చూస్తాం. ఏది ఎంత దూరం, ఎంత వేగంతో జరుగుతుందన్నది. బరువులు లెక్కలోకి రావు."

"చెయ్యిని పట్టి ఆపే బ్రేకు తీసేస్తే?"

"ఆగే ఉంటుంది."

"మోటారు ఊడదీసి పక్కన పెట్టేస్తే?"

"బొమ్మలో... ఆగే ఉంటుంది."

"గాల్లోనా?" అన్నాడు భానుప్రకాష్. "మూడొందల కిలోల ఇనుమా? అలాగైతే మా పోలీస్ స్టేషను కూడా గాల్లో ఆపొచ్చు కదయ్యా నీ కంప్యూటర్లో! దీన్ని పట్టుకునా నన్ను కోర్టుకెళ్ళమన్నావు?"

"ఇంకొక మాట ఎస్సై గారూ," అంది ప్రసన్నలక్ష్మి. "పూర్తిగా తొంభై ఐదు డిగ్రీలు లేవడానికైనా దిగడానికైనా పద్నాలుగు సెకన్లని ఇక్కడే ఉంది. అరవై రెండు నుంచి దిగాలంటే తొమ్మిది సెకన్లు. ఆ తొమ్మిది సెకన్లూ మోటారు బుర్రుమని మోగుతుంటే, చెయ్యి మెల్లగా మీదికి దిగుతుంటే, ధనరాజు తల అక్కడే పెట్టుకుని కూర్చున్నాడా? గౌరమ్మ విన్నది ఒకటే చప్పుడు. ధబ్బుమని. మోటారు మోగలేదు. చెయ్యి దిగలేదు, పడింది."

శ్యాంసుందర్ తెరమీది కిటికీ మూసెయ్యబోయాడు.

"ఉండండి. ఆ వరసలో కింద ఇంకొక పేరుందే. పరీక్ష రెండు అని."

"అదేం లేదు మేడం. ఖాళీది. ఫలితాలేమీ లేవు, ప్లే కూడా అవదు."

"ఫలితాలు చెరిపేస్తే సెట్టింగ్స్ కూడా పోతాయా?"

అతని వేలు మౌసు మీద ఆగిపోయింది. "పోవు," అన్నాడు. ఈసారి ఎవరూ తెరవమనలేదు. తనే తెరిచాడు.

ఇది వేరే రకం. కైనమాటిక్ కాదు, బరువులు కూడా లెక్కగట్టే డైనమిక్. గురుత్వాకర్షణ గడిలో టిక్కు ఉంది. మోటారు లేదు. బ్రేకు పట్టు సున్నా. కొలవాల్సింది ఏమిటన్న చోట, చెయ్యి అడుగున ఒక బిందువు దగ్గర పడే బరువు. మొదటి స్థితి అన్న గడి దగ్గరకొచ్చేసరికి శ్యాంసుందర్ తెరకి దగ్గరగా వంగాడు.

అరవై రెండు.

భానుప్రకాష్ ప్రసన్నలక్ష్మి చేతిలోని నోటుపుస్తకం లాక్కుని చూశాడు. తెరవైపు చూశాడు. మళ్ళీ పుస్తకం చూశాడు.

"ఫైలు ఎప్పుడు సేవ్ చేశారో చూడండి," అంది ఆమె.

"ఆదివారం. సాయంత్రం నాలుగూ ఇరవై."

"ధనరాజు పోయింది గురువారం."

"నేను చెయ్యలేదు మేడం! నేను పలాస వచ్చిందే నిన్న. నాకిచ్చిన ఫైల్లో మొదటిది తెరిచి ప్లే నొక్కానంతే. కింద ఇంకొకటి ఉందని చూసుకోలేదు." అతని గొంతులో పొగరు దిగిపోయింది. "మిషను డ్రాయింగులో సున్నా ఉంటుంది, తొంభై ఐదు ఉంటుంది. అరవై రెండు అనేది ఎక్కడా లేదు."

"ఉండదు. అది ఆ కర్రకి మాత్రమే తెలిసిన లెక్క. ఆ కర్ర ఎంతెత్తో దగ్గరుండి చూసినవాళ్ళే ఆ అంకె వెయ్యగలరు. బ్రేకు విప్పేస్తే కర్రమీద ఎంత బరువు పడుతుందో కంప్యూటర్ని అడిగారు. అది తెలిస్తే కర్రను ఎంత లోతు కొయ్యాలో తెలిసిపోతుంది. బ్రేకు ఉన్నంతసేపూ నిలబడాలి. రిపేరు కోసం ధనరాజు బ్రేకు విప్పగానే విరగాలి." ప్రసన్నలక్ష్మి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఈ ఫైలు మీకు ఎవరిచ్చారు?"

"మేనేజరు బాబ్జీ గారు. పెన్‌డ్రైవ్‌లో. మిషను బిగించినప్పుడు ఇచ్చిన కాపీ ఆయన ఒక్కరి దగ్గరే ఉంటుందట. ఆయన కూడా డిప్లొమా మెకానికలే."

"పోయిన శనివారమే, బ్రేకు పాడైనా పట్టించుకోవట్లేదని పైవాళ్ళకి రాసేస్తానని ధనరాజు ఆ బాబ్జీతోనే గొడవపడ్డాడు," అన్నాడు ఎస్సై తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "స్టేట్‌మెంట్లో ఉంది. నేనే పక్కన పెట్టాను. కానీ మేడం, విరిగిన కర్ర ముక్కలేవీ? అవి లేకపోతే ఇదంతా గాలిమాటే."

"ముక్కలు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి బయట కూర్చుని ఉంది. పిలిపించండి."

గౌరమ్మ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ప్రసన్నలక్ష్మి కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

"పని పోతుందని మిగతా పదిహేడు మందీ నోరు మూసుకున్నారు. అది నాకు అర్థమైంది. నువ్వు మాత్రం జైలుకెళ్ళడానికైనా సిద్ధపడ్డావు గానీ కర్ర మాట ఎత్తలేదు. పని కోసమైతే జైలుకి పోరు గౌరమ్మా. ఎవరి కోసం?"

గౌరమ్మ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ముక్కలు బాయిలర్లో ఏసింది మా ఆయనమ్మా."

"దానయ్యా?" అన్నాడు ఎస్సై. "గేటు దగ్గర కూర్చుంటాడే, ఆయనా?"

"ఆయనకేటి తెలుసు బాబూ? ధనరాజు నెత్తురు ఇంకా పారతానే ఉంది. మేనేజరు బాబు పరిగెట్టుకొచ్చి, 'పోటు పెట్టినారని తెలిత్తే ఈలందరికీ పన్లు పోతాయి, పొయ్యిలో ఏసీ' అన్నాడంట. మా ఆయన ఏసీసినాడు. ఏసినప్పుడు సూసినాడంట, ముక్క సగం దాకా రంపంతో కోసినట్టు నున్నగా ఉందంట. కోసినకాడ మట్టీ మైనమూ మెత్తినారంట. ఆ రేత్రి నాకు సెప్పి, గోడకేసి తిరిగి ఏడిసినాడు. ఆ మాట బైటికొత్తే ఆయనే కోసినాడంతారు గదమ్మా! నన్నైతే జైల్లో ఎట్టినా బతుకుతాను. ఆయన్ని జైల్లో ఎడితే వారం బతకడు."

భానుప్రకాష్ బెల్టు సర్దుకున్నాడు. ఆ తర్వాత అతను అన్న మాట అక్కడున్నవాళ్ళెవరూ అతని నోట ఊహించనిది.

"తప్పు నాదేనమ్మా. నాలుగింటి జీపు కోర్టుకెళ్ళదు. దానయ్య వచ్చి ఈ నాలుగు మాటలూ చెబితే చాలు."

గౌరమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆమె ముఖంలో ప్రాణం కదిలింది.

ప్రసన్నలక్ష్మి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది. రంపం గాటు కళ్ళారా చూసినవాడు, మేనేజరు ఇచ్చిన ఆజ్ఞ చెవులారా విన్నవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

"గౌరమ్మా, ఇప్పుడు దానయ్య ఎక్కడున్నాడు?"

"ఇయ్యాల డయాలసిస్సు గదమ్మా. మూడింటికి బెడ్డు. నన్ను పోలీసులు కూకోబెట్టీసినారని మేనేజరు బాబే జాలిపడి, పన్నెండున్నరకి తన కార్లో ఎక్కించుకుని తీసుకెల్లినాడు. ముందు సీట్లో కూకోబెట్టినాడు," అంది గౌరమ్మ కృతజ్ఞతగా.

గడియారంలో మూడూ ఇరవై ఐదు. పలాస నుంచి టెక్కలికి ఎంత నిదానంగా నడిపినా గంట పట్టదు.

ఎస్సై అప్పటికే బాబ్జీ నంబరు నొక్కుతున్నాడు. స్విచాఫ్. ప్రసన్నలక్ష్మి గౌరమ్మ సంచీలోంచి డయాలసిస్ పుస్తకం తీసుకుని, అట్టమీదున్న నంబరుకి ఫోను చేసింది. అవతల నర్సు ఎత్తింది.

"దానయ్య గారా? ఆయన ఇవాళ రారండీ. వేరే ఆసుపత్రికి మార్చేస్తున్నామని మేనేజరు గారు పొద్దున్న ఎనిమిదింటికే ఫోన్ చేసి చెప్పారు. ఆ బెడ్ ఇంకొకళ్ళకి ఇచ్చేశాం."

"ఏ ఆసుపత్రి?"

"చెప్పలేదండీ. మేడం, మీరు వాళ్ళ తాలూకు మనిషేనా? ఎక్కడికి తీసుకెళ్ళినా తొందరగా ఎక్కించమనండి. బుధవారం కూడా రాలేదాయన. భార్యకి సెలవు దొరకలేదట. సోమవారం తర్వాత ఎక్కించలేదు. ఒంట్లో నీరు నిండిపోయి ఉంటుంది. ఈ సాయంత్రం కూడా దాటితే ఊపిరాడదు."

ప్రసన్నలక్ష్మి చెవి దగ్గరి ఫోను వెంటనే దించలేదు. ఈసారి బాబ్జీకి రంపం అక్కర్లేదు, కంప్యూటర్ లెక్కా అక్కర్లేదు. ఒక మనిషిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, చీకటి పడేదాకా తోటల దారుల్లో ఊరికే తిప్పుతూ ఉంటే చాలు. ఒంటిమీద ఒక్క గాటు కూడా ఉండదు.

బయట జీపు స్టార్టయింది. భానుప్రకాష్ వైర్‌లెస్‌లో కారు నంబరు అరుస్తున్నాడు.

గౌరమ్మ కుర్చీ అంచుకు జరిగి, ఆశగా ప్రసన్నలక్ష్మి ముఖంలోకి చూసింది.

"బెడ్డెక్కినాడా అమ్మా?"